టెలిఫోనులో నొప్పి కథనం: మాజీ సైనికుల సంభాషణాచికిత్స - భాషాదృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

దీర్ఘకాలిక నొప్పితో జీవిస్తున్న మాజీ సైనికులకు టెలిఫోను ద్వారా సంభాషణాచికిత్స అందించే ప్రయత్నాలు అమెరికాలోని మాజీ సైనికుల ఆరోగ్యవ్యవస్థలో కొంతకాలంగా సాగుతున్నాయి. వాటి ఫలితాలను వైద్యశాస్త్రం అంకెలలో చదివింది. ఆ చికిత్సకు సాధనం మాట. కనుక కథనం, అలంకారం, వ్యాకరణం అనే మూడు వైపుల నుంచి దానిని చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. 2013, 2017, 2022 సంవత్సరాలలో వెలువడిన మూడు పరిశోధనలలో శ్రోత స్థానం ఎలా మారిందో, నొప్పిని చెప్పే తెలుగు నుడికారం ఈ పద్ధతికి ఎదురైనప్పుడు ఏ చిక్కులు తలెత్తుతాయో ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: దీర్ఘకాలిక నొప్పి, మాజీ సైనికులు, టెలిఫోను, సంభాషణాచికిత్స, శ్రోత, అతిశయోక్తి, తెలుగు నుడికారం.

1. ప్రవేశిక

వైద్యుడి ఎదుట కూర్చున్న రోగి తన నొప్పిని సగం ఒంటితోనే చెబుతాడు. కుర్చీలోంచి లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకుంటాడు. మోకాలి మీద చెయ్యి వేసి రాసుకుంటాడు. మాట మధ్యలో పళ్ళు బిగబడతాడు. టెలిఫోనులో ఇవేవీ ఉండవు. గొంతు, మాట, మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం మాత్రమే మిగులుతాయి. శరీరానుభవం మొత్తం భాషలోకి దిగివస్తే తప్ప అవతలివారికి అందదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించింది. నొప్పిని ఇంద్రియానుభవంగానూ, భావానుభవంగానూ ఒకేసారి గుర్తించిన ఆ నిర్వచనానికి చేర్చిన వివరణలలో, మాటలతో వర్ణించడం నొప్పిని తెలియజేసే అనేక ప్రవర్తనలలో ఒకటి మాత్రమేనని ఉంది. ఆ అనేకంలో టెలిఫోను మిగిల్చేది దాదాపు ఆ ఒక్కదానినే.

మూడు నెలలకు మించి కొనసాగే నొప్పిని సాధారణంగా దీర్ఘకాలికమని వ్యవహరిస్తారు. మాజీ సైనికులలో ఇది నడుము, మోకాళ్ళు, మెడ, పాత గాయాల చుట్టూ అల్లుకుని ఉంటుంది. ఆసుపత్రికి దూరంగా ఉండే పల్లెవాసులు, ప్రయాణమే ఒక శ్రమ అయినవారు, మనోవైద్యుడి గది ముందు కూర్చోవడానికి బిడియపడేవారు ఎందరో. మరోవైపు నల్లమందు జాతి మాత్రల వాడకం ప్రమాదకర స్థాయికి చేరడంతో అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 2013లో ఆ మందుల భద్రత కోసం ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. మాత్ర తగ్గిస్తే దాని స్థానంలో ఏమి ఇవ్వాలన్న ప్రశ్నకు వచ్చిన జవాబులలో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఒకటి. తెలుగులో దీనిని ఆలోచనా ప్రవర్తనా చికిత్స అనవచ్చు. పనిని విడతలుగా చేసుకోవడం, కండరాలను సడలించడం, ఇష్టమైన పనులను మళ్ళీ దినచర్యలోకి తెచ్చుకోవడం, నొప్పి గురించి తలెత్తే ఆలోచనలను గమనించి సరిచేసుకోవడం ఇందులోని అంగాలు. నొప్పిని మాయం చేస్తామని ఈ చికిత్స మాట ఇవ్వదు. నొప్పి ఉండగానే బతుకు నడిచే దారి చూపుతానంటుంది. ఆ వాగ్దానం మేరకే దాన్ని తూచడం న్యాయం.

2. గాయపడిన యోధుడి మాట

యుద్ధగాయానికీ మాటకూ ఉన్న సంబంధం భారతీయ పాఠకుడికి కొత్త కాదు. శాంతిపర్వంలో అంపశయ్య మీది భీష్ముడిని ధర్మాలు చెప్పమని అడిగినప్పుడు, బాణాల బాధతో తన బుద్ధి కలత చెందిందనీ మాట పెగలడం లేదనీ ఆయన అంటాడు. కృష్ణుడు ఆ బాధ తొలగేలా వరమిస్తాడు. ఆ తరువాతనే భీష్ముడు అంత సుదీర్ఘంగా మాట్లాడగలుగుతాడు. అక్కడి క్రమం స్పష్టం: ముందు నొప్పి పోవాలి, తరువాత మాట రావాలి. సంభాషణాచికిత్స ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. నొప్పి ఉండగానే మాట్లాడమంటుంది. మాట్లాడితే నొప్పితో సంబంధం మారుతుందంటుంది. వరమిచ్చే కృష్ణుడు లేని చోట ఇంతకు మించిన మార్గం లేదు గానీ, అది ఎంత కష్టమైన పనిని రోగి మీద పెడుతోందో భీష్ముడి మొదటి జవాబు గుర్తుచేస్తుంది.

కర్ణుడి ఉదంతం మరొక కోణం. తొడను పురుగు తొలుస్తున్నా గురువు నిద్ర చెడుతుందని కదలకుండా కూర్చున్నాడు. ఆ ఓర్పే అతని గుట్టు బయటపెట్టింది. బ్రాహ్మణుడు ఇంత బాధను భరించలేడని పరశురాముడు నిర్ధారించుకుని శపించాడు. నొప్పిని మౌనంగా భరించడం ఇక్కడ యోధుడి ఆనవాలు, యోధుడికి కీడు చేసిన గుణం కూడా. నేటి సైనిక శిక్షణ సైతం ఓర్పును అలవాటుగా మారుస్తుంది. కొలువులో ఉన్నంతకాలం ప్రాణం నిలిపిన ఆ అలవాటు, ఇంటికి వచ్చాక వైద్యుడి ప్రశ్నకు అడ్డు నిలుస్తుంది. 'నొప్పి ఎలా ఉంది?' అంటే 'పర్లేదు' అని వచ్చే జవాబు వెనుక ఉన్నది ఈ శిక్షణే.

ఆధునిక కాలంలో సైనికుడి దీర్ఘకాలిక నొప్పి తొలుదొల్త విస్తృత పాఠకలోకానికి చేరింది కథారూపంలో కావడం విశేషం. అమెరికా అంతర్యుద్ధంలో నరాలు దెబ్బతిన్న సైనికులకు ఫిలడెల్ఫియాలో వైద్యం చేసిన సైలస్ వెయిర్ మిచెల్, 'ది కేస్ ఆఫ్ జార్జ్ డెడ్లో' అనే కథను 1866లో 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో రచయిత పేరు లేకుండా ప్రచురించాడు. కాళ్ళూ చేతులూ నాలుగూ కోల్పోయిన సైనిక వైద్యుడు ఉత్తమపురుషలో చెప్పే కథ అది. లేని అవయవంలో ఉన్న అనుభూతిని అది వర్ణిస్తుంది. పాఠకులు దానిని నిజమని నమ్మి విరాళాలు పోగుచేశారు. ఆ రోగి కోసం ఆసుపత్రికి వెళ్ళి వాకబు చేశారు. అయిదేళ్ళ తరువాత, 1871లో, మిచెల్ అదే అనుభూతిని లేని అవయవపు నీడగా పేరుపెట్టి తన పేరుతో రాశాడు. అంటే శాస్త్రీయమైన పేరు కన్నా ముందు 'నేను' అనే కథకుడి గొంతు వచ్చింది. ఈ క్రమాన్ని నొప్పి చరిత్రకారులు వింతగా చెప్పుకుంటారు గానీ, సాహిత్య విద్యార్థికి ఇందులో వింత లేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఇటలీ యుద్ధరంగంలో పనిచేసిన హెన్రీ బీచర్ 1946లో ప్రకటించిన పరిశీలన ఈ చర్చకు మరింత దగ్గరిది. తీవ్రంగా గాయపడిన సైనికులలో నాలుగింట మూడు వంతుల మంది నొప్పిమందు కోరలేదని ఆయన నమోదు చేశాడు. గాయం అంటే రణరంగం నుంచి విడుదల, ఇంటికి దారి. ఆ అర్థం నొప్పిని పలచబరిచిందని ఆయన భావించాడు. అర్థం మారితే నొప్పి మారుతుందన్న ఈ ఊహ మీదనే తరువాతి సంభాషణాచికిత్స చాలావరకు నిలిచింది. అయితే బీచర్ చూసింది గాయమైన గంటలను. అదే గాయం ఇరవై ఏళ్ళ తరువాత ఇంటి అరుగు మీద కూర్చున్నవాడికి విడుదల కాదు. తాను ఇంకెప్పటికీ వెళ్ళలేని చోటిని అది రోజూ గుర్తుచేస్తుంది. గాయం ఒకటే, దాని కథ మారిపోయింది.

3. మూడు పరిశోధనలు - ఒక పఠనం

మొదటిది 2013లో కార్మొడీ బృందం ప్రకటించినది. దీర్ఘకాలిక నొప్పి ఉన్న 98 మంది వయసు మళ్ళిన మాజీ సైనికులను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి టెలిఫోనులో ఆలోచనా ప్రవర్తనా చికిత్స, మరొక వర్గానికి టెలిఫోనులోనే నొప్పి గురించిన బోధన. ఫలితాలలో రెండు వర్గాలకూ చెప్పుకోదగిన తేడా రాలేదు. రెండింటిలోనూ నొప్పి, దిగులు కొద్దిగా తగ్గాయి. శారీరక, మానసిక స్థితి కొద్దిగా మెరుగుపడింది. ఆ మెరుగుదలకు మధ్యవర్తిగా కనిపించినది ఒక్కటి: నొప్పి గురించి అన్నిటికన్నా చెడ్డదే జరుగుతుందని ఊహించుకునే ధోరణి తగ్గడం. మనోవిజ్ఞానం కెటాస్ట్రొఫైజింగ్ అనే ఈ ధోరణిని ఈ వ్యాసంలో 'విపరీతభావన' అని వ్యవహరించడమైనది.

రెండవది 2017లో హీపీ బృందం ప్రకటించిన 'కోప్స్' పరిశోధన. దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 125 మందిలో కొందరు వారం వారం చికిత్సకుడి ఎదుట కూర్చున్నారు. మిగిలినవారికి స్వయంశిక్షణ పుస్తకం, మీటలు నొక్కి సమాధానమిచ్చే స్వయంచాలిత టెలిఫోను వ్యవస్థ ఇచ్చారు. 'తెలుగు కోసం ఒకటి నొక్కండి' అని బ్యాంకులో పలికే యంత్రం జాతిదే అది. చికిత్స పది వారాలు సాగింది. 0 నుంచి 10 వరకు ఉన్న కొలతలో, యంత్రపు దారిలో నడిచినవారి నొప్పి మూడు నెలలకు సగటున 0.77 తగ్గింది. ఎదుట కూర్చున్నవారికి 0.84 తగ్గింది. రెండవ పద్ధతి మొదటిదానికి తీసిపోదని నిర్ధారణ. పైగా యంత్రవర్గంవారు సగటున 2.3 విడతలు ఎక్కువే పూర్తిచేశారు.

మూడవది 2022లో పియెట్ బృందం చేసినది. 278 మందిలో కొందరికి వారానికోసారి 45 నిమిషాల టెలిఫోను సంభాషణ, పది వారాలు. మిగిలినవారికి ఏ వారం ఎంత అవసరమో కృత్రిమ మేధ నిర్ణయించింది: 45 నిమిషాల సంభాషణ, 15 నిమిషాల సంభాషణ, లేదా రికార్డు చేసిన సందేశం. రోగి రోజూ ఫోనులో ఇచ్చిన వివరాలే ఆ నిర్ణయానికి ఆధారం. మూడు నెలలకు రెండవ వర్గం మొదటిదానికి తీసిపోలేదు. ఆరు నెలలకు రోజువారీ పనులు చేసుకునే శక్తిలో చెప్పుకోదగ్గ మెరుగుదల పొందినవారు మేధ నిర్ణయించిన వర్గంలో 37 శాతం, రెండవదానిలో 19 శాతం. చికిత్సకుల సమయం సగానికన్నా తక్కువ పట్టింది.

ఈ మూడింటినీ వరుసగా చదివే పాఠకుడికి ఒక తొందరపాటు నిర్ణయం సులభంగా తోస్తుంది: మనిషి అక్కరలేదు, యంత్రం చాలు. పొదుపు చేయాలనుకునే ఏ పాలకుడికైనా నచ్చే పఠనమిది. కానీ పాఠాన్ని దగ్గరగా చూస్తే అది నిలబడదు. కోప్స్‌లో యంత్రవర్గానికి వారం వారం అందిన సందేశం యంత్రం తయారుచేసినది కాదు. ఆ రోగి ఆ వారం ఏమి నొక్కాడో, ఎంత నడిచాడో, ఏ సాధన చేశాడో చికిత్సకుడు చూసి, ఆ ఒక్కరి కోసం మాట్లాడి రికార్డు చేసినది. అంటే అది ఆలస్యంగా చేరిన మనిషి గొంతు, ఉత్తరం వంటిది. మరొకటి, ఎదుట కూర్చున్న వర్గం కూడా చికిత్సకాలంలో తమ నొప్పినీ నిద్రనూ నడకనూ అదే టెలిఫోను యంత్రానికి నివేదించింది. కనుక ఈ పరిశోధన 'మనిషికి యంత్రానికి' మధ్య పోటీ పెట్టలేదు. అడిగే యంత్రం ఇద్దరికీ ఉంది. తేడా, మనిషి ఎదురుగా జవాబిచ్చాడా, వారం చివర జవాబు పంపాడా అన్నదే. పియెట్ పరిశోధనలోనూ మనిషి తొలగలేదు. బాగున్నవారి నుంచి కొంత సమయం తీసి బాగులేనివారికి ఇచ్చారు. ఇంట్లో నలుగురు బిడ్డలుంటే జ్వరం వచ్చిన బిడ్డ దగ్గర తల్లి ఎక్కువసేపు కూర్చున్నట్టు.

కార్మొడీ ఫలితం ఇంకా లోతైన ప్రశ్న వేస్తుంది. శాస్త్రీయమైన మెళకువలు నేర్పిన ఫోనుకూ, కేవలం నొప్పి గురించి చెప్పిన ఫోనుకూ తేడా రాకపోతే, రెండింటిలోనూ ఉన్నదేమిటి? పేరు పెట్టి పిలిచే ఒక గొంతు, మాట ఇచ్చిన వేళకు మోగే గంట, పోయినసారి చెప్పింది గుర్తుంచుకున్నవారు. వైద్యపరిశోధన దీనిని సాధారణ కారకమని పక్కన పెడుతుంది. కథనశాస్త్రంలో దీనికి మరింత గౌరవనీయమైన పేరుంది. శ్రోత.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 0.77 అయినా 0.84 అయినా పదికి ఒక్క మెట్టు కూడా కాదు. ఈ చికిత్సను అద్భుతంగా ప్రచారం చేసేవారు ఈ అంకెను మింగేస్తారు. పనికిరాదని కొట్టిపారేసేవారు దీన్నే పట్టుకుంటారు. ఇద్దరూ మరచేది, నొప్పి తీవ్రతకన్నా నొప్పి చుట్టూ కుంచించుకుపోయిన జీవితం విచ్చుకోవడమే ఈ చికిత్స లక్ష్యమన్న సంగతి. మనవడిని బడి దాకా నడిపించుకు వెళ్ళగలిగిన రోజు నొప్పి ఏడు నుంచి ఆరున్నరకు దిగిందా అన్నది చిన్న విషయం.

4. ఊఁ కొట్టడం

తెలుగునాట కథ చెప్పేవారు పిల్లలకు పెట్టే మొదటి షరతు 'ఊఁ కొట్టాలి' అన్నది. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. బుర్రకథలో వంతపాటవాళ్ళు 'తందాన తాన' అంటూ కథను మోస్తారు. పక్కనున్న హాస్యగాడు శ్రోత అడగాలనుకున్న ప్రశ్నే అడుగుతాడు. ఈ సంప్రదాయంలో వినడం మౌనక్రియ కాదు, వినిపించే క్రియ. తాను వింటున్నట్టు చెప్పేవాడికి వినబడేలా వినాలి.

టెలిఫోను సంభాషణకు ఈ పాత షరతే ప్రాణం. ఎదురుగా ఉన్నప్పుడు తల ఊపితే సరిపోతుంది. ఫోనులో తల ఊపిన సంగతి ఎవరికీ తెలియదు. రెండు క్షణాలు ఊఁ వినబడకపోతే 'హలో, లైన్లో ఉన్నారా?' అంటారు. నొప్పిని చెప్పేవాడికి ఆ రెండు క్షణాలు మరీ పొడవు. అతని మాట ముందే తడబడుతూ వస్తోంది. అవతలి మౌనాన్ని అతడు అపనమ్మకంగా తీసుకోవడానికి ఎంతోసేపు పట్టదు. దీర్ఘకాలిక నొప్పి బయటికి కనిపించదు కనుక 'నటిస్తున్నాడు' అన్న నింద అనేకమంది మాజీ సైనికులకు, ముఖ్యంగా పింఛను కోసం అంగవైకల్యం నిరూపించుకోవలసి వచ్చినవారికి, పరిచితమే.

యంత్రం ఊఁ కొట్టదు. 'ధన్యవాదాలు, మీ సమాధానం నమోదైంది' అంటుంది. అయినా యంత్రవర్గంవారు ఎక్కువ విడతలు ఎందుకు పూర్తిచేశారు? వేళకు ఎక్కడినుంచైనా ఫోను చేయగల సౌలభ్యం ఒక కారణం కావచ్చు. సైనికుడి భాషాజీవితంలో మరొక కారణం వెతకవచ్చు. వైర్‌లెస్ మీద అతడు నేర్చుకున్నది పొట్టిగా నివేదించడం, అందినట్టు జవాబు పొందడం. తన స్థితిని అంకెలో చెప్పి, నమోదైందని వినడం అతనికి అవమానంగా అనిపించదు. బిడియం లేని రూపమది. ఎదుటి మనిషి కళ్ళలో జాలి చూడనక్కరలేదు. అయితే నివేదిక, కథ ఒకటి కావు. నివేదిక 'ఏమిటి, ఎంత' అన్నదానికి జవాబిస్తుంది. 'ఎందుకు నాకే' అన్న ప్రశ్న అందులో ఇమడదు. ఆ ప్రశ్నకు చోటివ్వడానికే పియెట్ బృందపు ఏర్పాటులో 45 నిమిషాల సంభాషణ మిగిలి ఉందని చదవడం సబబు.

5. నొప్పి వ్యాకరణం

ఇంతవరకు చర్చించినదంతా ఇంగ్లీషులో జరిగిన చికిత్స. తెలుగుతో దీని సంబంధం ఊహాజనితం కాదు. భారతప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్య మీద తెలుగులోనూ పలుకుతోంది. 2023 డిసెంబరు 1న పుణేలోని సైనిక వైద్యకళాశాలలో సాయుధదళాల కోసం దాని ప్రత్యేక విభాగం మొదలైంది. పశ్చిమగోదావరిలో మిలటరీ మాధవరంగా పేరుపడ్డ ఊరు మొదలుకొని తెలుగునేల సైన్యానికి తరతరాలుగా మనుషులను పంపింది. ఆ సేవ మనోవ్యథ కోసం ఏర్పడినది, నొప్పికోసం కాదు. అయితే దిగులు కోసం వచ్చిన ఫోనులో మాట నడుంనొప్పితో మొదలుకావడం అసాధారణమేమీ కాదు. ఆ క్షణాన ఇంగ్లీషు నుంచి అనువదించిన పుస్తకం చేతిలో ఉన్న సలహాదారుకు ఏమి వినబడుతుంది?

ఇంగ్లీషువాడు 'ఐ హావ్ పెయిన్' అంటాడు. నొప్పి అతని సొత్తు. 'ఐ యామ్ ఇన్ పెయిన్' అంటే అతడు నొప్పి లోపల ఉన్నాడు. తెలుగువాడు 'నాకు నొప్పిగా ఉంది' అంటాడు. ఇక్కడ మనిషి కర్త కాడు, నొప్పి వచ్చి చేరిన చోటు. అంతకన్నా ఎక్కువగా వాడేవి అవయవమే కర్తగా ఉన్న వాక్యాలు: నడుం పట్టేసింది, కాళ్ళు పీకుతున్నాయి, మోకాలు సలుపుతోంది, నరం లాగుతోంది. తెలంగాణలో కాళ్ళు గుంజుతయి. ఈ వాక్యాలలో 'నేను' కనిపించడు. అవయవం తనంత తాను ఏదో చేస్తోంది, మనిషి దాన్ని గమనిస్తున్నాడు. నొప్పినీ తననూ వేరుచేసి చూడమని చికిత్సకుడు వారాల తరబడి నేర్పే దూరం ఈ వ్యాకరణంలో పుట్టుకతోనే కొంత ఉంది. అదే సమయంలో, అవయవం కర్త అయినచోట 'నేను చేయగలిగిందేముంది' అన్న నిస్సహాయత కూడా సులభంగా చోటుచేసుకుంటుంది. ఒకే వాక్యనిర్మాణం మేలూ కీడూ చేయగలదు. ఏది చేస్తుందో గొంతు బట్టి తెలియాలి.

కర్తృత్వం తెలుగులో మరొకచోట దాగి ఉంది. ఓర్చుకోవడం, తట్టుకోవడం, సర్దుకోవడం, నెట్టుకురావడం. 'కొను' అనే అనుప్రయుక్తం క్రియాఫలాన్ని చేసేవాడి వైపే తిప్పుతుంది. 'నేను నా నొప్పిని నిర్వహించగలను' అన్న అనువాదవాక్యం ఏ మాజీ హవల్దారు నోటా పలకదు. పనిని విడతలుగా చేయాలన్న సూత్రాన్ని 'కార్యకలాపాల వేగ నియంత్రణ' అని ముద్రిస్తే ఫోనులో నిశ్శబ్దమే జవాబు. ఆ సూత్రం పల్లెల్లో 'ఒళ్ళు చూసుకుని పనిచేసుకో' అన్న మాటగా ఎప్పటినుంచో ఉంది. రెండు 'కొను'లున్న ఆ వాక్యం మొత్తం చికిత్సాధ్యాయాన్ని మోస్తుంది.

నొప్పి అన్న మాట కూడా శరీరానికి పరిమితం కాదు. మనసు నొప్పించడం, నొచ్చుకోవడం ఒకే ధాతువు సంతానం. 'బాధగా ఉందా?' అని అడిగితే అది నడుం గురించో మనసు గురించో తేలదు. వైద్యపత్రం నింపేవారికి ఇది లోపం. ఫోనులో సలహాదారుకు ఇది వరం. దుఃఖాన్ని ఒప్పుకోవడానికి సిద్ధంగా లేని సైనికుడు బాధను ఒప్పుకోగలడు. ఏ బాధ అన్నది తరువాత తేలుతుంది.

అంకెల సంగతి వేరు. పదికి ఎంత అని అడిగితే చదువుకున్నవారు చెబుతారు. పాతతరం 'పావలా వంతు తగ్గింది' అంటుంది. అంటే ఉన్న నొప్పిని అది కొలవడం లేదు, పోయినదానిని కొలుస్తోంది. సలహాదారు దానిని ఏడున్నరగా మార్చుకోవచ్చునా? మార్చుకోరాదు. మొదటి రోజు రూపాయి ఎంత పెద్దదో అతనికి తెలియదు.

6. అతిశయోక్తి: అలంకారమా, లక్షణమా

కార్మొడీ పరిశోధనలో మెరుగుదలకు తాళంచెవిగా కనిపించిన విపరీతభావనను కొలవడానికి 1995లో సల్లివన్, సహచరులు పదమూడు వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. నొప్పినే పదేపదే తలచుకోవడం, దానిని పెద్దది చేసుకోవడం, నిస్సహాయత అనే మూడు పాయలు దానిలో ఉన్నాయి. ఇది భరించరానిది, ఎప్పటికీ తగ్గదు అన్న తరహా భావాలకు ఎన్ని మార్కులు పడితే అంత ప్రమాదం.

దీని పక్కన 1975లో రొనాల్డ్ మెల్జాక్ రూపొందించిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిని పెట్టి చూడాలి. ఇరవై వర్గాలలో 78 మాటలు. పోటు, మంట, గుచ్చడం వంటి ఇంద్రియవాచకాలతో పాటు దండించే, క్రూరమైన, చంపేసే అన్న అర్థాలిచ్చే మాటలు కూడా ఒక వర్గంగా అందులో ఉన్నాయి. ఇక్కడ 'చంపేసే నొప్పి' అనడం సరైన వర్ణన. సల్లివన్ పట్టికలో ఆ ధోరణి ఆలోచనలోని దోషం. ఒకే నోటి నుంచి వచ్చిన ఒకే ఉత్ప్రేక్షను ఒక కాగితం సాక్ష్యంగా స్వీకరిస్తుంది, మరొక కాగితం లక్షణంగా పట్టుకుంటుంది. రెండు కాగితాలూ ఒకే ఆసుపత్రిలో ఒకే బల్ల మీద ఉండవచ్చు.

తెలుగులో ఈ చిక్కు రెట్టింపవుతుంది. ప్రాణం తోడేస్తోంది, తల పగిలిపోతోంది, చచ్చిపోతున్నాననుకో అన్నవి ఇంటింటా వినిపించే నుడులు. అతిశయోక్తి ఇక్కడ కావ్యాలకే పరిమితమైన అలంకారం కాదు, వంటింటి భాష. నొప్పి ఉన్నట్టు ఎదుటివారు నమ్మాలంటే ఆ స్థాయిలో చెప్పాలన్నది సంఘం పెట్టుకున్న ఒప్పందం. దానిని విపరీతభావనగా లెక్కించే సలహాదారు నుడికారానికి మందు వేస్తున్నట్టే. దానికి విరుద్ధంగా, సైన్యంలో పదిహేనేళ్ళు గడిపి వచ్చినవాడు అదే నొప్పికి 'ఏదో కాస్త లాగుతోంది' అంటాడు. అతని అల్పోక్తి పట్టికలో తక్కువ మార్కులు తెచ్చుకుని, సహాయం అవసరం లేనివాడిగా అతన్ని పక్కకు నెడుతుంది. సైనికుడిలో ప్రమాదం అతిశయోక్తి వైపు కన్నా అల్పోక్తి వైపే ఎక్కువ. ఇంగ్లీషు ప్రశ్నావళికి ఈ దిక్కు కనిపించదు. ఎక్కువ చెప్పడాన్ని పట్టుకునేలాగానే దాన్ని తయారుచేశారు.

అలంకారశాస్త్రం ఇక్కడ ఒక ఆచరణాత్మకమైన పరీక్షను ఇవ్వగలదు. అతిశయోక్తి అలంకారమైనప్పుడు చెప్పేవాడికీ వినేవాడికీ అది అతిశయమని తెలుసు. 'ప్రాణం పోతోంది' అన్నాయన మరుక్షణం 'కాఫీ పెట్టమ్మా' అనగలడు. విపరీతభావనలో ఆ ఎరుక ఉండదు. మాట ఒకటే అయినా దాని తరువాతి వాక్యం వేరు. కాబట్టి పరీక్షించవలసినది మాటను కాదు, మాట తరువాత వచ్చేదాన్ని. యంత్రానికి నొక్కిన అంకెకు తరువాతి వాక్యం ఉండదు. 15 నిమిషాల ఫోనులో ఉంటుంది, వినేవారు తొందరపడి అడ్డు రాకపోతే.

తెలుగులో ఇటువంటి సేవకు మార్గదర్శిక రాసేవారు ప్రశ్నావళిని అనువదించడంతో మొదలుపెడితే చివరికి ఇంగ్లీషు నొప్పినే కొలుస్తారు. మాజీ సైనికుల నోటి నుంచి మాటలు సేకరించడంతో మొదలుపెట్టాలి. జివ్వుమనడం, చురుక్కుమనడం, కలుక్కుమనడం, తిమ్మిరెక్కడం, తీపులు పుట్టడం, సూదులతో పొడిచినట్టుండడం. ఇవి ఏ జిల్లాలో ఎంత తీవ్రతకు వాడుకలో ఉన్నాయో, కొలువులో నేర్చుకున్న హిందీమాట ఎక్కడ తెలుగుమాటను తప్పించిందో ఆ పట్టిక చూపాలి. ధ్వన్యనుకరణ పదాలు ఫోనుకు మరీ అనువైనవి. 'జివ్వు' అన్నప్పుడు చేత్తో చూపనక్కరలేదు, నొప్పి కదలిక ఆ శబ్దంలోనే ఉంది. ఆ పట్టికలో 'పర్లేదు' అన్న మాటకు కూడా ఒక వరుస కేటాయించాలి. దాని ఎదుట అంకె వేయకుండా, ఆ మాట విన్న తరువాత ఫోను పెట్టేయకుండా అడగవలసిన మరుప్రశ్న రాసి ఉంచాలి: 'రాత్రి ఎన్నిసార్లు లేచారు?'